సంక్రాంతి పిండివంటల సరఫరా: పెట్టె భోగికి ముందే చేరాలంటే

పండగ వెళ్లాక చేరిన అరిసె ఎంత బాగున్నా దండగే. మామూలు రోజుల్లో పార్శిల్ ఒకరోజు ఆలస్యమైతే ఫోన్లో నచ్చజెప్పుకోవచ్చు. కూతురి అత్తవారింటికి వెళ్లాల్సిన సారె కనుమ తర్వాత చేరితే, డబ్బు తిరిగిచ్చినా ఆ మాట పోదు. సంక్రాంతి సీజన్లో పిండివంటల యూనిట్లు దెబ్బతినేది వంట రాక కాదు, రోజులు లెక్కేసుకోక. డిసెంబరులో ఆర్డర్లు ఉత్సాహంగా రాసేసుకుని, జనవరి 8 నాటికి చేతులెత్తేయడం ఏటా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది.

రోజుకు 50 నుంచి 500 కిలోల దాకా అరిసెలు, సకినాలు, జంతికలు, సున్నుండలు చేసి, సొంత కౌంటరులోనూ, పక్క ఊళ్లకూ, ఆన్‌లైన్లోనూ పంపే యూనిట్లకు పనికొచ్చే పద్ధతి ఇది.

భోగి నుంచి వెనక్కి

భోగి జనవరి 13న గానీ 14న గానీ వస్తుంది. ఆ తేదీని సున్నా అనుకుని గోడ క్యాలెండరు మీద వెనక్కి లెక్కపెట్టండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. హమాలీ, డ్రైవరు, పార్శిల్ ఆఫీసు గుమస్తా కూడా కదలరు. కాబట్టి భోగి దాటాక పంపుదామనే ఆలోచనే వద్దు.

కోస్తా జిల్లాల నుంచి హైదరాబాదుకూ, బయటికీ పంపే యూనిట్‌కు ఈ తేదీలు సరిపోతాయి. మీ దూరాన్ని బట్టి ఒకటి రెండు రోజులు అటూఇటూ జరుపుకోండి.

- 45 రోజుల ముందు: లేబుళ్ల ప్రింటింగ్, కవర్లు, అట్టపెట్టెల ఆర్డరు.
- 30 రోజుల ముందు: బెల్లం, నూనె, నువ్వులు గోడౌన్లో ఉండాలి. బండ్లవాళ్లతో మాట ఖాయం కావాలి.
- 20 రోజుల ముందు: విదేశీ ఆర్డర్లు ఆపేయాలి. 15వ రోజుకల్లా పెట్టెలు కొరియర్ చేతికి వెళ్లిపోవాలి.
- 7 రోజుల ముందు: బెంగళూరు, చెన్నై, ముంబై పార్శిళ్ల చివరి రోజు.
- 4 రోజుల ముందు: హైదరాబాదుకు చివరి లోడు.
- 3 రోజుల ముందు: వంట ఆఖరి రోజు.
- 2 రోజుల ముందు, ముందురోజు: ఊళ్లో డెలివరీలు, కౌంటరు మాత్రమే.

వంట ఆఖరి రోజు గురించి ఎక్కువమంది తప్పు చేస్తారు. భోగి ముందురోజు రాత్రి దాకా పొయ్యి వెలిగిద్దామనుకుంటారు. వంటగదిలో పనిచేసే ఆడవాళ్లకూ ఇళ్లున్నాయి. వాళ్ల పిల్లలకూ అరిసెలు కావాలి, వాళ్ల వాకిట్లోనూ ముగ్గులు పడాలి. భోగికి రెండు రోజుల ముందు హాజరు సగానికి పడిపోతే అది వాళ్ల తప్పు కాదు, మన లెక్కలో లోపం. ఆ రెండు రోజులను మొదటే తీసేసి ప్లాను వేసుకోండి.

నిరుటి లెక్కను రోజులవారీగా చూడండి

"పోయినేడు 1,200 కిలోలు అమ్మాం, ఈసారి 1,500 చేద్దాం" అన్న లెక్క ఎందుకూ కొరగాదు. ఏ రోజు ఎంత వెళ్లిందో, ఏ వంటకం ఎంత వెళ్లిందో విడివిడిగా రాయాలి. చివరి మూడు వారాల్లో 1,200 కిలోలు వెళ్తే అందులో 600 చివరి వారంలోనే వెళ్లి ఉండొచ్చు. అప్పుడు మీకు కావాల్సింది రోజుకు 57 కిలోల సగటు కాదు, రోజుకు 86 కిలోల తాకిడిని తట్టుకునే ఏర్పాటు.

నిరుడు లేవని తిప్పి పంపిన ఆర్డర్లనూ కలపాలి. బిల్లు పుస్తకంలో అవి ఉండవు, వాట్సాప్‌లో ఉంటాయి. జనవరి మొదటి రెండు వారాల చాట్లు వెనక్కి జరుపుతూ "అయిపోయాయండీ" అని మనం పెట్టిన జవాబులు వెతికితే, ఏ వంటకం ఏ తేదీకి నిండుకుందో తెలుస్తుంది. ఇది ఒక పూట పని. అంతకు మించిన సర్వే లేదు.

మూడో సంగతి, ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు. డిసెంబరు 16 ప్రాంతం నుంచి సంక్రాంతి దాకా ఫంక్షన్ ఆర్డర్లు దాదాపు ఆగిపోతాయి. ఆ ఖాళీ చేతులను పండగ పనికి మళ్లించుకోవచ్చు. అయితే నిలవ ఉండేవి మాత్రమే ముందు చేయాలి. జంతికలు, సున్నుండలు ముందు. అరిసెలు, సకినాలు తర్వాత.

వంటగది ఎంత లాగగలదు

ఆర్డర్లు తీసుకోవడానికి ముందే తేల్చుకోవాల్సిన అంకె ఇదొక్కటే, రోజుకు ఎన్ని కిలోలు నిజంగా బయటికొస్తాయి? ఎక్కడ ఇరుకు ఉందో చూడండి. అరిసెల్లో ఆ ఇరుకు పొయ్యి దగ్గర ఉండదు, పిండి దగ్గర ఉంటుంది. బియ్యం ఒకరోజు పూర్తిగా నానాలి. వడకట్టి, తడి ఆరకముందే మర పట్టాలి, ఆ పిండిని ఆ పూటే పాకంలో కలపాలి. తడిపిండిని నిలవపెడితే పులుస్తుంది, ఆరితే అరిసె విరిగిపోతుంది. అంటే రేపటి అరిసెల సంఖ్య ఈరోజు నానబోసిన గిన్నెల్లోనే తేలిపోయింది. సాయంత్రం ఆరింటికి వచ్చిన "రేపు ఇరవై కిలోలు అదనంగా" అన్న ఆర్డరుకు ఒప్పుకునే ముందు నానబోసిన బియ్యం ఎంతుందో చూడాలి.

సకినాల్లో ఇరుకు చేతివేళ్ల దగ్గర. గుడ్డ మీద చుట్లు తిప్పే నేర్పు అందరికీ ఉండదు, యంత్రానికి అంతకన్నా ఉండదు. సకినాలు చుట్టేవాళ్లు ఎందరు, ఒక్కొక్కరు పూటకు ఎన్ని కిలోలు చుడతారు అన్నది తూచి రాయండి. పొయ్యిలు రెండు పెంచినా, చుట్టేవాళ్లు పెరగకపోతే సకినాలు పెరగవు.

ఒక్కరోజు గడియారం పెట్టుకుని కొలవండి. మూకుడు గంటకు 12 కిలోలు దించుతుందనుకుందాం. ఎనిమిది గంటలకు కాగితం మీద 96. నూనె మార్చడం, సిలిండరు మార్చడం, భోజనం, మాడిన వాయి అన్నీ పోను 70 దాటదు. ప్లానులో 70 వేయండి. 96 వేస్తే మూడో రోజుకే 78 కిలోల బాకీ పడుతుంది, ఆ బాకీ ఇక తీరదు.

గ్యాస్ కూడా ఇక్కడే చూసుకోండి. 19 కిలోల కమర్షియల్ సిలిండరుకు ఎన్ని కిలోల వంట దిగుతోందో వారం రోజులు రాస్తే సగటు వస్తుంది. లైసెన్సు లేకుండా 100 కిలోలకు మించి గ్యాస్ నిలవపెట్టకూడదు. అంటే నిండు సిలిండర్లు ఐదు. కాబట్టి డీలరుతో రోజు విడిచి రోజు సరఫరాకు డిసెంబరులోనే మాట తీసుకోవాలి. గోడౌన్లో పేర్చుకుందామనుకోవడం చట్టానికీ విరుద్ధం, ప్రాణాలకూ ముప్పు.

బెల్లం, బియ్యం, కవర్లు

కిలో బియ్యానికి 700 నుంచి 800 గ్రాముల బెల్లం పడుతుంది. పీల్చుకున్న నెయ్యి, నూనెతో కలిపి సుమారు రెండు కిలోల అరిసెలు దిగుతాయి. మీ వంటగదిలో ఒక వాయి తూచి సరిచూసుకోండి. ఆ లెక్కన 1,000 కిలోల అరిసెలకు 500 కిలోల బియ్యం, దాదాపు 400 కిలోల బెల్లం.

బెల్లం ధర కన్నా పాకం ముఖ్యం. అనకాపల్లి మార్కెట్‌కు కొత్త బెల్లం రావడం శీతాకాలంలో పెరుగుతుంది. అదే సమయంలో అందరూ కొంటారు. ఒకే ధరకు తెచ్చిన రెండు లోడ్లు ఒకేలా పాకం రావు. ఉప్పదనం ఉన్న బెల్లంతో పాకం సరిగా ముదరదు, అరిసె నూనెలో విచ్చుకుపోతుంది. తడి ఎక్కువున్న బెల్లం గోడౌన్లోనే చెమర్చి గోనెను తడిపేస్తుంది. దిమ్మెలు దించుకునే ముందు మూడు నాలుగింటి నుంచి చిన్న ముక్కలు కొట్టి, పాకం పట్టి, చన్నీళ్లలో వేసి చూడండి. వేళ్ల మధ్య మెత్తటి ఉండ కట్టి నిలబడితే దించుకోండి, కరిగిపోతే బండిని తిప్పి పంపండి. పది నిమిషాల పని, 400 కిలోల సరుకును కాపాడుతుంది. ఒక్క వ్యాపారి మీదే ఆధారపడకుండా 70 శాతం ఒకరి దగ్గర, 30 శాతం ఇంకొకరి దగ్గర తీసుకోవడం మంచిది. ధర రెండు రూపాయలు ఎక్కువైనా సరే.

బియ్యం మాత్రం సీజన్ మొత్తానికీ ఒకే లాటు ఉండాలి. మధ్యలో రకం మారితే నీళ్లు పీల్చుకునే తీరు మారుతుంది, మాస్టరు చేతికి అలవాటైన కొలత తప్పుతుంది.

కవర్ల దగ్గరే చాలామంది ఆగిపోతారు. వంట ఉంటుంది, పెట్టే కవరు ఉండదు. దీనికి ఒక చిన్న లెక్క. మామూలుగా రోజుకు 300 కవర్లు వాడతారు, ఆర్డరు పెట్టిన ఆరు రోజులకు వస్తాయి. మామూలు అవసరం 1,800. పండగలో రోజుకు 700 వాడతారు, ప్రింటింగ్ ప్రెస్ మీద కూడా ఒత్తిడి ఉంటుంది కాబట్టి పది రోజులు పడుతుంది. అవసరం 7,000. తేడా 5,200. ఆ తేడాయే మీరు అదనంగా చేతిలో ఉంచుకోవాల్సిన నిలవ. గోడౌన్లో కవర్లు 7,000కు దిగిన రోజే మళ్లీ ఆర్డరు పెట్టాలి, అయిపోవచ్చినప్పుడు కాదు. నూనె డబ్బాలకూ, టేపుకూ, లేబుళ్లకూ ఇదే లెక్క.

లేబులు మీద పేరు, పదార్థాల జాబితా, నికర బరువు, తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు, ఎంఆర్‌పీ, శాకాహార పచ్చ గుర్తు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు తప్పనిసరిగా ఉండాలి. తేదీలు ముందే అచ్చు వేయించవద్దు. ఆ చోటు ఖాళీగా ఉంచి ఏ రోజుకారోజు ముద్ర కొట్టండి. ముందే అచ్చేసిన తేదీ వల్ల వేల లేబుళ్లు చెత్తబుట్టలోకి వెళ్తాయి, లేదా అబద్ధపు తేదీతో సరుకు బయటికెళ్తుంది. రెండోది మొదటిదాని కన్నా చాలా పెద్ద నష్టం.

రకాలు తగ్గించండి

పండగ పది రోజులూ రెండు సైజులే ఉంచండి, అరకిలో, కిలో. పావుకిలో ప్యాకెట్ కౌంటరుకు మాత్రం. "అరిసెలు ముప్పావు, సకినాలు పావు, జంతికలు ఒకటిన్నర" లాంటి ఆర్డర్లు ప్యాకింగ్ బల్లను కట్టి పడేస్తాయి. ఒక్క అలాంటి పెట్టె కట్టే సమయంలో ఒకే రకం పెట్టెలు మూడు నాలుగు కట్టేయొచ్చు. మూడు రకాల కూర్పులను ముందే ఖాయం చేసి, వాటికి పేర్లు పెట్టి, ఆ మూడే అమ్మండి. ప్యాకింగ్ బల్ల మీద ఎడమ నుంచి కుడికి అదే వరుసలో ప్యాకెట్లు పేర్చి ఉంటే కొత్తగా చేరిన అమ్మాయి కూడా తప్పు చేయదు.

పెట్టె కట్టడం

వేడిగా కట్టిన ప్యాకెట్ బూజు పట్టడానికి సిద్ధమైన ప్యాకెట్. లోపలి ఆవిరి కవరు గోడకు నీటి చుక్కలై, సకినాన్ని మెత్తబరుస్తుంది. అరిసెలను చెక్కల మధ్య నొక్కి నూనె తీశాక, జల్లి పళ్లేల్లో ఒక వరుసగా పరిచి రాత్రంతా ఆరనివ్వాలి. సకినాలకు నాలుగైదు గంటలు. ఫ్యాను కింద ఆరబెట్టొచ్చు గానీ తెల్లవారుజామున మంచు పడే వేళ కిటికీలు మూసి ఉంచాలి. జనవరి గాలిలో ఆ కాసేపటి తేమ చాలు కరకర పోవడానికి.

ప్యాకింగ్ అంటే ఇలా. ఐదు పొరల అట్టపెట్టె, 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. అడుగున టేపు ఒక గీతగా కాక ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో, అంచులు కూడా మూసుకునేలా వేయాలి. సకినాలను నిలబెట్టకుండా పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటిగా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పేర్చి, మూత కింద ఖాళీని కాగితపు ఉండతో నింపాలి. డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే చప్పుడు రాకూడదు. చప్పుడొచ్చిందంటే దారిలో పొడైపోతుంది. డబ్బాలకూ పెట్టె గోడలకూ మధ్య వేలు దూరకుండా నింపాలి. ఇలా ఆ పెట్టెలో ఆరు కిలోల సకినాలు పడతాయి, అదే పెట్టెలో అరిసెలైతే 14 కిలోలు.

సీజను మొదట్లో ఒక పెట్టెను నడుమెత్తు నుంచి ఆరు ముఖాల మీదా ఒక్కోసారి కింద పడేయండి. విప్పి, విరిగినవి లెక్కపెట్టండి. వందకు ఐదు దాటితే ప్యాకింగ్ మార్చాలి. పెట్టెల మీద "జాగ్రత్త" అని రాస్తే చాలదు, లోడింగ్ దగ్గర చీకట్లో ఎవరూ చదవరు. పెట్టె బరువు 12 నుంచి 15 కిలోల మధ్య ఉంటే హమాలీ చేతుల్లో పెట్టుకుని దించుతాడు. మూడు నాలుగు కిలోల పెట్టెను విసిరేస్తాడు, పాతిక దాటితే జారవిడుస్తాడు. తేలిక పెట్టెలు రెండింటిని కలిపి కట్టి పంపడం అందుకే మంచిది.

ప్రతి పెట్టెకూ తయారైన రోజును బట్టి రంగు చుక్క అంటించండి. సోమవారం ఎరుపు, మంగళవారం నీలం, అలా. ముందు చేసింది ముందు వెళ్లాలి అన్న నియమం నోటితో చెబితే ఆగదు, రంగు కనిపిస్తే ఆగుతుంది. ఎక్కువ రోజులు ప్రయాణం చేసే పెట్టెలకు తాజా సరుకు, మన కౌంటరుకు దానికన్నా ముందుది. ఆన్‌లైన్ సంస్థల ద్వారా అమ్మేవాళ్లకు ఇంకో పట్టింపు ఉంది. డెలివరీ నాటికి సరుకుకు 30 శాతం గడువు గానీ 45 రోజులు గానీ మిగిలి ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 నవంబరులో ఈ-కామర్స్ సంస్థలకు చెప్పింది. 20 రోజుల గడువున్న అరిసెలైతే చేరేనాటికి కనీసం ఆరు రోజులు మిగలాలి.

బండి

సకినాల బండి నిండితే చోటు అయిపోతుంది. అరిసెల బండి నిండకముందే బరువు అయిపోతుంది. ఈ తేడా తెలియకపోతే బండి ఖర్చు అంచనా తప్పుతుంది.

సుమారు 750 కిలోలు మోసే చిన్న ట్రాలీ తీసుకుందాం. ఏడడుగుల పొడవు, నాలుగున్నర వెడల్పు, ఐదడుగుల ఎత్తు పెట్టుకుంటే పైన చెప్పిన పెట్టెలు కాగితం మీద 123 పడతాయి. పేర్పులో పోయే చోటు తీస్తే 105. సకినాల పెట్టె అట్టతో సహా ఏడు కిలోలు, 105 పెట్టెలు 735 కిలోలు. అక్కడికి సరిపోయింది. అరిసెల పెట్టె 15 కిలోలు, 50 పెట్టెలకే 750 అయిపోతుంది, బండి సగం ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ ఉంది కదా అని మరో పాతిక పెట్టెలు ఎక్కిస్తే టైరు పేలుడో, జరిమానాయో. రెండూ కలిపి, 30 అరిసెల పెట్టెలు కింద, 42 సకినాల పెట్టెలు పైన వేస్తే 744 కిలోలు. కిందివి బరువును మోస్తాయి, పైవి నలగవు. మంచి లోడంటే అదీ.

చివర దింపాల్సింది ముందు ఎక్కాలి. ప్రతి పెట్టె మీద దింపే వరుస నంబరు రెండు పక్కలా పెద్దగా రాయండి. ఒక్క నంబరు తప్పు చోట ఎక్కితే డ్రైవరు రోడ్డు మీద ముప్పై పెట్టెలు దించి మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది, ఆ దించుడులోనే సకినాలు విరుగుతాయి.

ఇక రోడ్డు. భోగికి ముందు మూడు నాలుగు రోజులు హైదరాబాదు నుంచి విజయవాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారి కిక్కిరిసిపోతుంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర వరుసలు కడతాయి. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి హైదరాబాదుకు సరుకు పంపేవాళ్లు "మనం ఎదురు దిక్కు కదా" అని ధీమాగా ఉంటారు. వెళ్లేటప్పుడు నిజమే. తిరిగొచ్చే ఖాళీ బండి మాత్రం ఆ జనంలోనే చిక్కుకుంటుంది. రాత్రి పంపితే మర్నాటి రాత్రికి మళ్లీ లోడింగ్‌కు రావాల్సిన బండి ఇంకో పూట, ఒక్కోసారి ఇంకో రోజు ఆలస్యంగా వస్తుంది. రెండో ట్రిప్పును నమ్ముకున్న సరుకు గోడౌన్లోనే ఉండిపోతుంది. కాబట్టి చివరి వారంలో ఒక బండికి రెండు ట్రిప్పుల లెక్క వేయకండి, ట్రిప్పుకో బండి మాట్లాడుకోండి.

తెలంగాణ నుంచి కోస్తాకు సకినాలు, గారెలు పంపేవాళ్లకు ఇబ్బంది నేరుగానే ఉంటుంది. గుంటూరు, ఒంగోలు వైపు సరుకును నార్కట్‌పల్లి దగ్గర తప్పించి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా పంపొచ్చు. రాజమండ్రి వైపైతే సూర్యాపేట నుంచి ఖమ్మం, సత్తుపల్లి మీదుగా. పంతంగి మాత్రం రెండు దారులకూ తప్పదు, కనుక అర్ధరాత్రి దాటాక అక్కడికి చేరేలా బయల్దేరదీయండి. నగరాల్లో సరుకు బండ్లకు నో ఎంట్రీ గంటలుంటాయి. మీ బండి సైజుకు ఏ గంటలు వర్తిస్తాయో డ్రైవరును అడిగి దించే సమయం రాసిపెట్టుకోండి. తెల్లవారుజామున దట్టమైన మంచుంటుంది, రెండు నుంచి ఆరు దాకా డ్రైవరును తొందరపెట్టకండి. గంట ఆలస్యమైన అరిసెల గురించి ఎవరికైనా సంజాయిషీ చెప్పొచ్చు. డ్రైవరుకేమైనా అయితే వాళ్లింట్లోవాళ్లకు ఏం చెబుతాం?

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే జీఎస్టీ కింద ఆన్‌లైన్లో తీసే రవాణా పత్రం కావాలి. ప్రతి 200 కిలోమీటర్లకు, లేదా అందులో భాగానికి, ఒకరోజు గడువు. రాజమండ్రి నుంచి హైదరాబాదు 400 దాటుతుంది కాబట్టి మూడు రోజులు. బిల్లు తీసిన మర్నాడు అర్ధరాత్రికి మొదటి రోజు ముగుస్తుంది. దారిలో బండి చెడి సరుకు ఇంకో బండికి మారితే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించాలి. పండగ రద్దీలో ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. గడువు తీరేలా ఉంటే, తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి తీరాక ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవచ్చు. పోర్టల్ లాగిన్ ఇద్దరికైనా తెలిసి ఉండాలి. అకౌంటెంట్ ఒక్కడికే తెలిసి, అతను సొంతూరి బస్సులో సిగ్నల్ లేని చోట ఉంటే బండి తనిఖీ దగ్గర నిలబడిపోతుంది.

చిన్న పార్శిళ్లకు ఆర్టీసీ కార్గో మంచి దారే. కానీ చివరి మూడు రోజులు బస్సుల్లో మనుషుల సామానుకే చోటుండదు. దాన్ని భోగికి ఐదు రోజుల ముందు దాకానే నమ్ముకోండి.

విదేశీ పెట్టెల సంగతి. కొరియర్లు బరువుతో పాటు పరిమాణాన్నీ లెక్కిస్తాయి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగిస్తారు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. మన 40, 30, 30 పెట్టెకు 7.2 కిలోలు. అందులో నాలుగు కిలోలే పెట్టి పంపితే 3.2 కిలోల గాలికి అమెరికా దాకా కిరాయి కట్టినట్టు. అమెరికాకు 800 డాలర్లలోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి పోయింది. అమ్మకపు ఆహారానికి అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందస్తు నోటీసు కూడా వెళ్లాలి. సుంకం ఎవరు కట్టాలో ఆర్డరు తీసుకునేటప్పుడే కస్టమరుకు చెప్పండి. పెట్టె గుమ్మం దగ్గరికి వచ్చాక తెలిస్తే తీసుకోకుండా తిప్పి పంపుతారు.

ఎప్పుడు ఆపాలి

ఆర్డర్లు ఆపడం అమ్మకం పోగొట్టుకోవడం కాదు. రోజుకు 150 కిలోలు చేయగలరు, వంటకు ఆరు రోజులు మిగిలాయి, మొత్తం 900. మాడినవి, విరిగినవి, మళ్లీ చేయాల్సినవి పది శాతం తీస్తే 810. చేతిలో 820 కిలోల ఆర్డర్లున్నాయి. అంటే ఇప్పటికే పది కిలోలు ఎక్కువ తీసుకున్నారు, ఈ నిమిషమే ఆపాలి. ఈ లెక్క రోజూ సాయంత్రం ఏడింటికి వేయాలి, అందరికీ కనిపించే బోర్డు మీద వేయాలి. పెండింగ్ కిలోలు, రేపటి సామర్థ్యం, కట్టి పంపని పెట్టెలు, ఖాయమైన బండ్లు, వచ్చిన ఫిర్యాదులు. ఐదు అంకెలు, పది నిమిషాలు, నిలబడే మాట్లాడుకోవాలి. ఫోన్లెత్తే మనిషి ఆ బోర్డు ఎదురుగా కూర్చోవాలి, అప్పుడే "చూద్దాంలెండి" అనకుండా "లేవండీ" అనగలుగుతారు.

డెలివరీ అప్పుడు డబ్బు తీసుకునే పద్ధతిని భోగికి పది రోజుల ముందు మూసేయండి. ఊళ్లకు వెళ్లిపోయి తలుపులు తాళాలేసుకున్న ఇళ్ల నుంచి తిరిగొచ్చే పెట్టెలు పండగ తర్వాత చేరతాయి. బల్క్ ఆర్డర్లకు సగం అడ్వాన్సు తీసుకోండి. డిసెంబరులో బెల్లం, నెయ్యి నగదుకే దొరుకుతాయి, ఆ డబ్బు అక్కడి నుంచే రావాలి.

పనివాళ్ల బోనస్ వంట ముగిసిన రోజు సాయంత్రమే చేతిలో పెట్టండి, పండగయ్యాక ఇస్తామనకండి. ఇంటికి వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరికీ కిలో అరిసెల ప్యాకెట్ ఇవ్వండి, ఆ కిలోలను ప్లానులో మొదటే కలపండి. రాత్రి షిఫ్టు ఉంటే ఆడవాళ్లను ఇంటి దాకా దించే ఆటో మన ఖర్చే. అలా చూసుకున్న చోటికి మరుసటి ఏడు డిసెంబరులో పిలవకుండానే వస్తారు.

ముక్కనుమ తర్వాత

మిగిలిన సరుకును తగ్గింపు ధరకు ఆన్‌లైన్లో పెట్టకండి, గడువు దగ్గరపడిన సరుకు దూరం వెళ్తే ఫిర్యాదే తిరిగొస్తుంది. కౌంటరు మీదే రెండు రోజుల్లో తీసేయండి. మిగిలిన బెల్లం, అట్టపెట్టెలు, పెద్ద డబ్బాలకు ఢోకా లేదు. మాఘమాసం పెళ్లిళ్లు మొదలవుతాయి, సారె ఆర్డర్లకు అవే పనికొస్తాయి. అందుకే డిసెంబరులో పెట్టెలు కొనేటప్పుడే "సంక్రాంతి శుభాకాంక్షలు" పెట్టె మీద అచ్చు వేయించవద్దు. అది విడి స్టిక్కరుగా ఉండనివ్వండి, పెట్టె సాదాగా ఉండనివ్వండి.